ముందుగదిలో దీపము

క్రొత్తగా ఇల్లు కట్టుకొన్నవానికి గోడల రంగును గూర్చియు, గచ్చును గూర్చియు, సింహద్వారపు చెక్కడమును గూర్చియు సలహా చెప్పువారు వీథికి పదిమంది యుందురు గాని, ముందుగదిలో దీపమెట్టిది పెట్టవలెనని అడిగినచో అందఱును ఒక్కమాటగా, "మంచి వెలుగిచ్చేది పెట్టండి" అని చేతులు దులుపుకొందురు. ఆ మంచి వెలుగేదో తెలిసికొనుటకు నాకు రెండు సంవత్సరములును, చెప్పుకొనుటకు సిగ్గుపడదగినంత ద్రవ్యమును పట్టినవి.

మా తాతగారి పెంకుటింట ఈ చిక్కు లేకుండెను. ప్రొద్దు గ్రుంకగనే మా నాయనమ్మ లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తుడిచి, వత్తి కొస కత్తిరించి, వెలిగించి, కన్నుల కద్దుకొని, చావడి దూలమునకు తగిలించెడిది. గూట్లో దీపం నోట్లో ముద్ద అను సామెత ఆ యింట అక్షరాల నడచెడిది. ఆ వెలుగు కూర్చున్నవారి మోకాళ్ల వఱకును, ముఖములలో నొక సగము వఱకును ప్రాకి, అచ్చట ఆగిపోయెడిది. తక్కిన చావడియంతయు చీకటియే యైనను, ఆ చీకటివలన చావడి ఇఱుకుగా గాక, ఎంతో లోతుగలదానివలె తోచెడిది.

ఆ జ్ఞాపకమును ఇంటనే విడిచిపెట్టి నేను నగరములోని యొక దీపాల అంగడికి పోయితిని. అంతకు మున్నే హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదమును దర్శించి, అందలి ఖిల్వత్ మహలులో వ్రేలాడు 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛముల క్రింద మెడ నొప్పిపుట్టువఱకు నిలిచి వచ్చుటచే నా బుద్ధి అప్పటికే కొంత చెడియుండెను. నవాబుగారి దర్బారు కప్పు ఎక్కడ, పది అడుగుల నా కప్పు ఎక్కడ అను విచారమే కలుగలేదు. అంగడిలో నూఱు దీపములు ఏకకాలమున వెలుగుచుండెను. జాతరలో పది మేళములు ఒక్కసారి మ్రోగుచుండగా నడుమ నొక సన్నాయి శ్రుతిని పరీక్షింపబూనుట ఎట్టిదో, అచ్చట నిలిచి ఒక్క దీపపు వెలుగును తెలియగోరుటయు అట్టిదే. దీపమును చూచుట వేఱు, దీపముతో చూచుట వేఱు. నేను చూచినది మొదటిదియే, కొన్నదియు దానినే.

గది పొడవు వెడల్పులను అడుగులలో కూడగా వచ్చిన సంఖ్యయే గుచ్ఛపు వ్యాసమునకు అంగుళముల లెక్క యని, ఈ విద్య తెలిసినవారు చెప్పు స్థూలసూత్ర మొకటి కలదు. ఆ లెక్కను 14 అడుగులును 12 అడుగులును గల నా గదికి 26 అంగుళములు చాలును. నేను 36 అంగుళముల దానిని తెచ్చితిని. క్రింద మనుష్యులు తిరుగుచోట నేలకును దీపమునకును నడుమ ఏడడుగులైన విడువవలెను. నాది ఆఱడుగులకే దిగినది. సరిగా ఆఱడుగుల పొడవరియైన మా బావగారు ఆ గదిలో తల వంచక నడచిన దినము లేదు.

అసలు చిక్కు ఫ్యానుతో వచ్చినది. మన వేసవి నెఱిగినవారెల్లరును కప్పు నడుమనున్న కొక్కెము ఫ్యాను సొత్తేయని ఒప్పుకొందురు. ఎలక్ట్రీషియను నిచ్చెన మీదనుండి, "కొక్కేనికి ఏది కావాలండీ, గాలా, వెలుగా?" అని అడిగినప్పుడు నేను రెండును కావలెనంటిని. అతడు నిట్టూర్చి ఫ్యానును ప్రక్కకు జరిపెను. నాటినుండి ఫ్యాను వేయగనే స్ఫటికములన్నియు పండ్లు కొఱికినట్లు గలగలలాడుటయు, ఱెక్కలు పైనున్న వెలుగును తఱిగి తఱిగి గోడలపై విసరుటయు మొదలైనవి. ఆ గోడల వంక చూచుచు రెండు నిమిషములు మాటాడిన అతిథి, పనియున్నదని లేచెడివాడు.

వెలుగు తీరును అట్లే యుండెను. అంగడివాడు అమర్చిన బల్బులు 6500 కెల్విన్ల తెలుపువి. ఆ సంఖ్య పెరిగినకొలది వెలుగు నీలిమవైపునకును, తగ్గినకొలది పసిమివైపునకును ఒరుగునని నాకప్పుడు తెలియదు. ఆ నాసి బల్బుల క్రింద మా ఆవిడ కట్టిన కుంకుమరంగు గద్వాల చీర తడిసిన ఇటుకవలె నుండెను. 2700 కెల్విన్లవి, రంగులను ఉన్నవున్నట్లు చూపుటలో నూటికి 90 దాటినవి తెచ్చి మార్చినంతనే చీర మరల చీరయైనది. దీపముల దుకాణమునకు పోవువారు చేత నొక చీరచెఱగైన పట్టుకొనిపోవలెనని నా మతము.

డెన్మార్కు వాస్తుశిల్పి పౌల్ హెన్నింగ్‌సెన్ 1958లో రూపొందించిన పీహెచ్ 5 అను వ్రేలాడు దీపమును గూర్చి ఆ దినములలోనే చదివితిని. 50 సెంటీమీటర్ల వెడల్పుగల దగుటచే దానికా 5 అంకె వచ్చినదట. ఒకదానిక్రింద నొకటి అమర్చిన పళ్లెములవంటి మూతలలో, ఏ వైపునుండి చూచినను బల్బు కంటబడకుండుటయే అందలి నేర్పు. మా నాయనమ్మయు లాంతరు కంటికి సూటిగా తగులునేమోయని దూలముపైకి ఎగదీసి కట్టెడిది. పేటెంటు మాత్రము పుచ్చుకొనలేదు.

చివరకు గుచ్ఛము అటకెక్కినది. దాని స్థానమున, ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటనుండి తోలుతో చేసిన దీపపు గొడుగు నొకదానిని తెప్పించితిని. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారి ఊరది. మేకతోలును వెలుగు దూఱునట్లు పలుచగా గీసి, ఉలితో సన్నని చిల్లులు పొడిచి, రంగులద్దుదురు. ఒకప్పుడు దీపమును వెనుక పెట్టుకొని తెరమీద రామరావణుల నాడించిన తోలే, నేడు దీపమును కడుపులో దాచుకొని సోఫా ప్రక్కన కూర్చున్నది. నా దానిమీద చిలుకలును ఒక మామిడికొమ్మయు కలవు. దానితోబాటు, చదువుకొను కుర్చీకడ నొక నిలువుదీపమును, పటముల గోడకు పైనుండి జాఱు చిన్నవెలుగొకటియు. మూడింటికి మూడు స్విచ్చులు. కొక్కెము మరల ఫ్యానుదైనది.

మొన్న సాయంకాలము ఆ మూడును వెలిగించుకొని మేము కూర్చుండగా మా బాబాయిగారు వచ్చిరి. గోడమీద చిలుకల ఆకుపచ్చ నీడలు పడియున్నవి. మూలలు మెత్తగా నల్లబడియున్నవి. ఆయన గడపలోనే చెప్పులు విడిచి, లోపలికి తొంగిచూచి, "ఏమిరా, కరెంటు పోయిందా?" అనిరి. నేను కెల్విన్ల సంగతి ఎత్తబోవునంతలో మా ఆవిడ లేచి పాత ట్యూబులైటు స్విచ్చి నొక్కినది. అది రెండుమార్లు మినుకుమని భళ్లున వెలిగెను. గోడమీది చిలుకలు మాయమైనవి.

"ఇప్పుడు బాగుంది" అనుచు ఆయన కుర్చీ జరుపుకొని కూర్చుండిరి.