కందెనా, చమురా? మన జీపు ఇరుసుల సంగతి



ఈ వారం ధ్యానానికి బదులు మన జీపు గురించి రాస్తున్నాము. పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక వేపచెట్టు కింద మొదలైన చర్చ ఇంకా తెగలేదు. ముందు ఇరుసులో గ్రీజు నింపాలా, ఆయిల్ పోయాలా అని రాత్రి పదింటికి కూడా ఫోన్లు వస్తున్నాయి. "ఏదో ఒకటి పోయండి అయ్యగారూ, బండి నడిస్తే చాలు" అని కొందరు అంటున్నారు. అలా తేల్చేయడానికి వీల్లేని సంగతి ఇది.

దూరాన ఉండి చదివేవారి కోసం ఒక మాట. మనది పాత మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. మహీంద్రా వారు 1947లో అమెరికా విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ నమూనానే తర్వాత దశాబ్దాల పాటు చేస్తూ వచ్చారు. మన బండి ముందు ఇరుసు కూడా ఆ నమూనాదే. నర్సంపేట దాటి పాకాల వైపు ఉన్న తండాలకు కూడికల కోసం వెళ్లేది ఈ జీపులోనే. వాగు పొంగి చిన్న కార్లు ఆగిపోయిన రోజున నొప్పులు పడే తల్లిని తారు రోడ్డు దాకా చేర్చి, అక్కడినుంచి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి పంపేది కూడా ఈ జీపులోనే.

మొన్న వానాకాలంలో అడవి దారి దిగుతున్నప్పుడు బండిలో ఏడుగురున్నారు, వారిలో ఒకామెకు ఎనిమిదో నెల. బ్రేకు తొక్కగానే జీపు కుడివైపుకు గుంజింది. దేవుని కృపవల్ల ఎదురుగా ఏ బండీ రాలేదు. మెల్లగా ఊరికి చేర్చి ఎడమ చక్రం విప్పి చూస్తే డ్రమ్ము లోపల బ్రేకు లైనర్లు ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. ఎడమ చక్రం పట్టడం లేదు, కుడిది పడుతోంది, బండి కుడికి పోతోంది. ఆ ఆయిల్ పైనుంచి వచ్చింది కాదు, ఇరుసులోనుంచి కారినదే. కాబట్టి "ఏది పోయాలి" అన్నది మైలేజీకో ఇంజను చప్పుడుకో సంబంధించిన ప్రశ్న కాదు. బ్రేకు పడుతుందా పడదా అన్నంత దగ్గరి ప్రశ్న.

మన సంఘ పెద్దల్లో ఒకాయన గ్రీజు పక్షం. చిన్నప్పటినుంచి ఎడ్లబండి తోలినవారు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడగట్టుకునే రోజులు ఆయనకు బాగా గుర్తు. "కందెన చిక్కగుంటేనే ఇరుసును పట్టుకుంటది అయ్యగారూ. పల్చటిది పోస్తే పావు కోసు పోంగనే కారిపోతది" అంటారు. ఎడ్లబండి విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ చక్రం నిదానంగా తిరుగుతుంది, కుండ వదులుగా ఉంటుంది, సీలు అనేదే లేదు. అలాంటిచోట నిలిచి ఉండేదే కావాలి. (ఫరో రథచక్రాలు ఊడిపోయింది కందెన తక్కువై కాదని మన యౌవనస్థులు జోకులు వేశారు. ఆ వచనాలు ఇంకోసారి చదవండి బాబులూ.)

జీపు లెక్క వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మన టైరు నిమిషానికి సుమారు 300 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్‌లోని పినియన్ అయితే దానికి అయిదు రెట్లు పైనే.

బ్రేకు గుంజిన మర్నాడు దారిలో ఒక షెడ్డులో చూపించాము. అతను రెండు నిమిషాల్లో తేల్చేశాడు. డిఫరెన్షియల్‌తో సహా అంతా గ్రీజు నింపేస్తాను, ఇక ఒక్క చుక్క కారదు అన్నాడు. ఖర్చు కూడా తక్కువే. రేకుల షెడ్డు కోసం దాచిన డబ్బు ముట్టుకోనవసరం లేదని మనవాళ్లలో చాలామంది సంతోషించారు. మాకు మనసొప్పలేదు. ఆటోనగర్‌లో పాత జీపులు మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాము. ఆయన ముందు ఇరుసు ముట్టుకోకుండా వెనక డిఫరెన్షియల్ మూత విప్పారు. లోపల గ్రీజు! మన చేతికి రాకముందే ఎవరో ఆ వైద్యం చేసి పెట్టారు. క్రౌన్ వీల్ పళ్లు తిరిగిన మేర గ్రీజులో కాలువలాగా గాడి పడి ఉంది. గాడి పక్కన గ్రీజు గోడలాగా నిలబడింది. పినియన్ బేరింగు మాత్రం ఎండిపోయి, వేడికి నీలం రంగు తేలింది. రెండేళ్లుగా వేగం పెంచితే వెనకనుంచి వచ్చే మూలుగు అదే.

"గ్రీజు పెడితే కారదు పాస్టర్ సాబ్, సచ్ బాత్" అన్నారాయన. "కారనిది కదలదు గూడ. కదలకపోతే బేరింగు కాడికి ఎట్ల పోతది?"

"మరి ఆయిల్ కారుతుంది కదా చాచా?"

"కారితే సీలు మార్చాలె. ఆయిల్ మార్చుడు కాదు."

ఇంట్లో చూసుకోండి. గడ్డ పెరుగులో గరిటె తిప్పితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. మజ్జిగలో తిప్పితే వెంటనే పూడిపోతుంది. డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీలు అడుగున మునిగి లేచి ఆయిల్‌ను పైకి చిమ్మాలి, అది పినియన్ బేరింగులకు చేరి, వేడిని తీసుకొని తిరిగి కిందికి రావాలి. అక్కడ మజ్జిగే కావాలి. పైగా అక్కడి పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి. వాటి ఒత్తిడికి తట్టుకునే గంధకం, భాస్వరం మందులు కలిపిన ఆయిల్ ఉండాలి. డబ్బా మీద 80డబ్ల్యు-90, జి.ఎల్.-5 అని ఉంటుంది. అదే డబ్బా మిగిలింది కదా అని గేర్‌బాక్సులో పోయకండి. అక్కడ ఇత్తడి రింగులుంటాయి, ఆ మందులు వాటికి పడకపోవచ్చు. గేర్‌బాక్సుకు జి.ఎల్.-4 వేరే తెచ్చుకోవాలి.

చక్రాల బేరింగులకు మాత్రం గ్రీజే, అందులో వాదం లేదు. గ్రీజు అంటే ఎక్కువ భాగం నూనే. సబ్బులాంటి పదార్థం దాన్ని స్పాంజిలా పట్టుకొని కొద్దికొద్దిగా వదులుతుంది. దాని గట్టితనానికి 000 నుంచి 6 వరకు తొమ్మిది అంకెలున్నాయి. చక్రాలకు 2వ నంబరు లిథియం గ్రీజు చాలు. బేరింగు రోలర్ల మధ్యకు అరచేత్తో కూరి పెట్టాలి, హబ్బు మాత్రం నిండా కుక్కకూడదు. పాత గ్రీజు మీద కొత్త రకం పూయడం కూడా మంచిది కాదు. సబ్బులు వేరైతే ఒక్కోసారి రెండూ కలిసి నీరుగారిపోతాయి.

ఇక అసలు గొడవ. ముందు చక్రాల దగ్గర, స్టీరింగు తిరిగేచోట గుండ్రటి గిన్నెలాంటి నకిల్ ఉంది చూడండి, దాని లోపల చక్రాన్ని తిప్పే జాయింటు ఉంటుంది. ఇక్కడ గ్రీజు పక్షానికీ ఆయిల్ పక్షానికీ చెరి సగం న్యాయం ఉంది. 90 ఆయిల్ పోస్తే జాయింటుకూ పైనున్న కింగ్‌పిన్ బేరింగుకూ చక్కగా అందుతుంది గాని, ముసలి సీలును దాటి బయటికి వచ్చేస్తుంది. 2వ నంబరు గ్రీజు కుక్కితే గోడలకు అంటుకొని కూర్చుంటుంది, జాయింటు ఎండుతుంది. ఇంగ్లండు ల్యాండ్ రోవర్లకూ ఇలాంటి గిన్నెలే ఉండేవి. మొదట్లో వాటిలో 90 ఆయిలే పోసేవారు. తర్వాత తర్వాత జారే గ్రీజు ప్యాకెట్లు వచ్చాయి. అంటే 00 నంబరు వంటిది, పలుచటి రాగిజావలాగా ఉంటుంది. నిలిస్తే నిలుస్తుంది, తిప్పితే పారుతుంది. మన మేస్త్రీ చాచా కూడా అదే చెప్పారు, మేమూ దానికే ఒప్పుకున్నాము.

అయితే అది పోసినంత మాత్రాన పని అయిపోదు. డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి రాకుండా లోపల ఒక సీలు ఉంటుంది. మన ఎడమవైపు సీలే చిరిగింది. అది మార్చకుండా నకిల్‌లో బంగారం పోసినా పలుచబడి మళ్లీ బ్రేకు మీదికే వస్తుంది. సీలు ఎందుకు చిరిగిందంటే, ఇరుసు మీదుండే బ్రీదర్ అనే చిన్న మూత బురదతో మూసుకుపోయింది. బండి నడిచినకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక సీలునే తోస్తుంది. వాగులో దిగితే దానికి తిరగబడుతుంది. వేడి ఇరుసు చల్లనీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకొని, సీలు సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. డ్రెయిన్ బోల్టు విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీలా వస్తే నీళ్లు చేరినట్టే. ఇంక దాన్ని పారబోయడమే.

నిర్ణయం ఇది. రెండు డిఫరెన్షియళ్లకూ ఆయిల్, వెనకది డీజిల్‌తో కడిగి పినియన్ బేరింగు మార్చిన తర్వాతే. నకిళ్లకు 00 గ్రీజు. చక్రాలకు 2వ నంబరు. అన్నివైపులా కొత్త సీళ్లు, ఎడమ బ్రేకుకు కొత్త లైనర్లు. రేకుల షెడ్డు ఈ ఏటికి ఆగుతుంది. ఇది కొందరికి నచ్చలేదని తెలుసు. షెడ్డు లేకపోతే వానలో తడుస్తాము, అంతే. ఆ దిగుడులో ఎనిమిదో నెల మనిషిని కూర్చోబెట్టుకొని బ్రేకు తొక్కింది మేమే గనుక ఈ విషయంలో మా మాట వినమని అడుగుతున్నాము.

పెద్ద పని ఆటోనగర్‌లో అవుతుంది. చక్రాల గ్రీజు పని మాత్రం శనివారం ఉదయం ఏడింటికి మన ప్రాంగణంలోనే. యౌవనస్థులు పాత బనియన్ గుడ్డలు తెచ్చుకోండి, డీజిల్ మా దగ్గరుంది. కందెన గొట్టం పెద్దాయనను కూడా పిలిచాము. బేరింగులో గ్రీజు కూరడం ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది.