ఏటికి ఎదురుగా సైకిల్ మీద

చెంగ్డూ నుంచి దుజియాంగ్యాన్‌కి రైలెక్కితే అరగంట పని. కానీ రైల్లో వెళ్లేవాళ్లు నదిని చూస్తారు గానీ ఆ నది తడిపే నేలను చూడరు. కాలువల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, నాకా నేలే ముఖ్యం. అందుకే మార్చి నెలలో ఒక శనివారం, ఇక్కడివాడే అయిన ఆఫీసు మిత్రుడితో కలిసి సైకిల్ మీద బయల్దేరాను. దారి సుమారు 60 కిలోమీటర్లు. చెంగ్డూ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంటే, దుజియాంగ్యాన్ 700 దాటి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఎక్కుడే గానీ కంటికి ఆనదు, పిక్కలకే తెలుస్తుంది. సిచువాన్ మైదానంలో పంట పండుతున్నది ఆ వాలు వల్లే.

ఊరు దాటేదాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సైకిళ్లకు వేరే దారి ఉంది కాబట్టి కార్ల భయం లేదు. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చే ఎలక్ట్రిక్ స్కూటర్లను మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. వీధుల్లో ఫోనుతో తాళం తీసుకునే సైకిళ్లు ఇంత దూరానికి పనికిరావు, కంపెనీలు పెట్టిన హద్దు దాటి వాటిని వదిలేయడం కుదరదు. మేం దుకాణంలో గేర్ల సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం.

పీడూ ప్రాంతానికి వచ్చేసరికి గాలి మారింది. సిచువాన్ వంటకు ప్రాణమైన దోబాన్‌జియాంగ్ తయారయ్యేది ఇక్కడే. ఎర్ర మిరపకాయలు, పెద్ద చిక్కుడు గింజలు, ఉప్పు కలిపి జాడీల్లో నెలల తరబడి ఊరబెడతారు. ఎండ కాస్తే మూత తీస్తారు, వాన పడితే మూస్తారు. ఆ ఘాటు ముక్కుకు తగిలాక ఆకలి ఆగదు. దారిపక్క ఒక రైతు ఇంటి భోజనశాలలో, మాంసం తిననని నా మిత్రుడు చెప్పగానే ఆ ఇంటి పెద్దావిడ వేడి అన్నం, మెత్తటి సోయా పాల జున్ను, కారప్పొడి నూనె, వేయించిన ఆకుకూర తెచ్చిపెట్టింది. ఇంకొంచెం తినమని పక్కన నిలబడి మరీ వడ్డించింది. ఆ తిండి రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

అక్కడినుంచి కాలువ గట్టు పట్టుకున్నాం. పొలాల్లో ఆవ జాతి నూనెగింజ పంట పూసి, చూసినంత మేరా పసుపు. పొలాల నడుమ అక్కడక్కడా నాలుగైదు ఇళ్లు, వాటి చుట్టూ వెదురు పొదలు, పెద్ద చెట్లు, పక్కనే పిల్లకాలువ. వీటిని లిన్‌పాన్ అంటారు. కోనసీమలో కొబ్బరిచెట్ల నీడన ఒదిగిన ఇళ్లలాగే ఉన్నాయి. ముందుకు పోయేకొద్దీ కాలువ వెడల్పయింది, నీటి వేగం పెరిగింది. కారులో పోయేవాడికి ఇది తెలిసే అవకాశమే లేదు.

దుజియాంగ్యాన్‌లో మిన్ నది కొండలు దిగి మైదానంలో అడుగుపెడుతుంది. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో ఇక్కడి పాలకుడు లీ బింగ్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి, నది మధ్యలో చేప నోటి ఆకారంలో ఒక గట్టు వేయించి, నదిని రెండు పాయలు చేశాడు. లోపలి పాయ లోతు, బయటి పాయ వెడల్పు. నీళ్లు తక్కువున్న రోజుల్లో పదింట ఆరు వంతులు లోపలి పాయలోకి, పొలాల వైపు వస్తాయి. వరదలో ఆ లెక్క తిరగబడుతుంది. అప్పటికి తుపాకి మందు లేదు. కొండరాతిని మంటతో కాల్చి, నీళ్లు చల్లి, పగలగొట్టి కాలువకు దారి చేశారు. 2008 భూకంపంలో ఈ ఊరు దారుణంగా దెబ్బతిన్నది. చేప నోటికి పగుళ్లు వచ్చాయి గానీ పని ఆగలేదు.

ఆ రాత్రి ఫోన్లో ఇదంతా చెబుతుంటే నాన్న మధ్యలో ఆపి, "గేట్లెక్కడున్నాయిరా?" అన్నారు. బయటి పాయకు 1974లో కట్టారని చెప్పాను. ఆ పనుల్లోనే నదీగర్భంలో లీ బింగ్ రాతి విగ్రహం దొరికింది. దాని మీద ఉన్న తేదీ క్రీస్తుశకం 168వ సంవత్సరానిది. "మన కాటన్ దొరలాగా అన్నమాట" అన్నారు నాన్న. నాకూ అదే అనిపించింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్‌కు గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి.

అయితే నన్ను కదిలించింది విగ్రహం కాదు. ఇక్కడ నది అడుగున ఇనప దిమ్మెలు పాతారు. చలికాలంలో పూడిక తీసేటప్పుడు ఆ ఇనుము కనబడేదాకా తవ్వాలి. తక్కువ తవ్వితే పొలాలకు నీళ్లు చాలవు, ఎక్కువ తవ్వితే ఊరికి వరద. ఎంత తవ్వామన్న దానికి ఆ ఇనుమే సాక్ష్యం, కాగితం మీది లెక్క కాదు. రెండు వేల ఏళ్లకు పైగా ఈ వ్యవస్థ బతికిందంటే, కట్టిన మహానుభావుడి గొప్పతనం ఎంతో, ఏటేటా బురదలో దిగిన కూలీల గొప్పతనమూ అంతే. మన డెల్టాలో గుర్రపుడెక్క అల్లుకుని, పూడిక పేరుకుని, శివారు పొలాలకు నీళ్లందని కాలువలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. కాటన్ విగ్రహానికి దండ వేసే చేతులే కాలువ అడుగునా అలాంటి గుర్తు పాతాలి.

గోదావరి డెల్టా నుంచి ఎవరు చైనా వచ్చినా, బీజింగ్ గోడ చూసి తిరిగి వెళ్లిపోకండి. మార్చిలో ఒక రోజు చెంగ్డూకు కేటాయించుకోండి. తిరుగుదారి అంతా వాలే, భయపడక్కర్లేదు. సైకిల్ నేను ఏర్పాటు చేస్తాను.