ఏ స్ట్రీట్ ఫైటర్ నేర్చుకోవాలి?

సరదాకి ఆడేవాళ్లకు ఏ స్ట్రీట్ ఫైటర్ అయినా ఒకటే. పోటీకి దిగుదామనుకున్న రోజు నుంచి లెక్క మారిపోతుంది. ర్యూ తెల్లబట్టలు అవే, రెండు చేతులూ కలిపి విసిరే హడూకెన్ అదే, లోపలి ఆట మాత్రం ప్రతి భాగానికీ వేరు. 1994 నాటి సూపర్ టర్బోలో రాటుదేలినవాణ్ణి తెచ్చి 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6 ముందు కూర్చోబెడితే, చాలా సంగతులు మళ్లీ ఓనమాల నుంచి దిద్దుకోవాలి. ఒక్కోదానికీ ఏళ్లు ధారపోయాలి గనక, ముందు దేన్ని పట్టుకోవాలో తేల్చుకోవడం పెద్ద పనే.

సూపర్ టర్బోలో ప్రాణమంతా దూరంలో ఉంది. ఎంత దూరం నుంచి హడూకెన్ వేశావు, అవతలివాడు ఎగిరొస్తే అందుకోగలవా అన్నదే ఆట. దెబ్బలు మహా గట్టిగా తగులుతాయి, రెండు మూడు పొరపాట్లకే రౌండ్ చేజారుతుంది. స్ట్రీట్ ఫైటర్ 4 వేళ్లకు పరీక్ష. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో కొన్ని కాంబోలకు సరిగ్గా ఒక్క ఫ్రేములోనే బటన్ పడాలి. ఇంట్లో కళ్లు మూసుకుని కొట్టేది నలుగురి ముందు కూర్చుంటే తప్పుతుంది. ఆరో భాగంలో పెత్తనం డ్రైవ్ గేజ్‌ది. ఆరు గళ్ల ఆ పట్టీలోంచే దాడికీ కాపుకీ ఖర్చు పెట్టుకోవాలి. ఖాళీ అయిందా, అది నిండేదాకా స్పెషల్ దెబ్బల్ని బ్లాక్ చేసినా ప్రాణం కొంచెం కొంచెం తరుగుతూనే ఉంటుంది.

నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది 1999 నాటి థర్డ్ స్ట్రైక్. కారణం ప్యారీ. దెబ్బ మీదికొస్తుంటే స్టిక్‌ను వెనక్కి లాగి కాచుకోవడం మామూలు పద్ధతి. ప్యారీకి సరిగ్గా తగిలే క్షణంలో ముందుకు, ఆ దెబ్బ వైపుకే తట్టాలి. సమయం కుదిరితే ప్రాణం పిసరంత కూడా పోదు, పైగా ఎదురుకొట్టే వీలు దొరుకుతుంది. కుదరకపోతే కోరి దెబ్బ తిన్నట్టే.

2004లో కాలిఫోర్నియాలో జరిగిన ఎవో అనే ఫైటింగ్ గేమ్‌ల పోటీల్లో, థర్డ్ స్ట్రైక్‌లో జపాన్ ఆటగాడు దైగో ఉమెహరా కెన్ పాత్రతో, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ చున్-లీ పాత్రతో తలపడ్డారు. దైగోకు వెంట్రుకవాసి ప్రాణం మిగిలింది. చున్-లీకున్న సూపర్ అనే పెద్ద దాడిని బ్లాక్ చేసినా ఆ కాస్తా రాలిపోతుంది. జస్టిన్ ఆ సూపరే వదిలాడు. వరసపెట్టి పదిహేను తన్నులు. దైగో ఒక్కొక్కటీ ప్యారీ చేస్తూ, ఆఖరిదాన్ని గాల్లోకి ఎగిరి ప్యారీ చేసి, దిగుతూనే కాంబో అందుకుని రౌండ్ లాగేసుకున్నాడు.

ఆ వీడియో చూసినవాళ్లంతా చేతివేగం గురించి చెబుతారు. నన్ను కట్టిపడేసేది మొదటి తన్ను. సూపర్ మొదలవగానే తెర ఒక్కసారి మెరిసి ఆగుతుంది. ఆ మెరుపు తీరేదాకా చూసి స్టిక్ తడితే మొదటి తన్ను అప్పటికే తగిలేసి ఉంటుంది. అంటే సూపర్ ఇప్పుడే వస్తుందని దైగో ముందే అంచనా కట్టి ఉండాలి. అంత తక్కువ ప్రాణంతో ఎదుట ఊగిసలాడేవాణ్ణి చూస్తే జస్టిన్ ఆగలేడని చదివి ఉండాలి. ఆ చదువు ట్రైనింగ్ మోడ్‌లో రాదు. దానికి మనుషులు కావాలి. నీకంటే గట్టివాళ్లు, రకరకాల బుర్రలవాళ్లు, ఏళ్ల తరబడి దొరకాలి.

అందుకే నా ఇష్టం ఒకటైనా నేనిచ్చే సలహా ఇంకొకటి. హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు ఈ మధ్య పట్టుబట్టాడు. "మావయ్యా, ఆ పాతదే నేర్చుకుంటా, అసలు మజా దాంట్లోనే ఉందన్నావుగా" అని.

"ఎవరితో ఆడతావురా?" అన్నాను.

పాత ఆటలు నెట్‌లో ఆడుకునే ఫైట్‌కేడ్‌లో జనం ఉంటారన్నాడు. నిజమే, అవి ఇవాళ్టికీ నడుస్తున్నాయంటే రోల్‌బ్యాక్ పుణ్యమే. ఎవో వ్యవస్థాపకుల్లో ఒకరైన టోనీ కానన్ జీజీపీఓ పేరుతో దానికి దారి వేశాడు. అవతలివాడి బటన్ కబురు చేరేదాకా ఆటను ఆపకుండా, అతను ఇందాకటి పనే చేస్తున్నాడని ఊహించి నడిపిస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిచేస్తుంది. కానీ దూరానికి దాని దగ్గరా పూర్తి మందు లేదు. పింగ్, అంటే కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం, పెరిగేకొద్దీ బొమ్మ ఉన్నట్టుండి గెంతుతుంది, తన్ను మధ్యలోంచి కనబడుతుంది. ప్యారీ మీద బతికే ఆటకు అది ప్రాణసంకటం.

ఆరో భాగంలోనూ రోల్‌బ్యాక్ ఉంది. పైగా కంప్యూటర్‌వాళ్లూ ప్లేస్టేషన్‌వాళ్లూ ఎక్స్‌బాక్స్‌వాళ్లూ అందరూ ఒకే చోట కలుస్తారు. అది వచ్చిన ఏడాదే ఎవోలో 7,000 మందికి పైగా పేర్లిచ్చారు. దగ్గర్లో, నీ స్థాయివాడు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. ఇబ్బంది లేకపోలేదు. ఆట తయారుచేసే క్యాప్‌కామ్ ఎప్పటికప్పుడు ప్యాచ్‌లు వేస్తుంది, నిరుడు బంగారంలా పనిచేసిన దెబ్బ ఈ ఏడు చచ్చుబడొచ్చు. థర్డ్ స్ట్రైక్‌లో ఆ బెంగ లేదు. చున్-లీ, యున్, కెన్ అప్పుడూ పైవరసే, ఇప్పుడూ పైవరసే.

కొత్తదైతే చాలనుకోవడమూ పొరపాటే. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు మొదలయ్యేసరికి ఆరో భాగం వచ్చి మూడు నెలలు దాటింది. పతకాలకు మాత్రం ఆడించింది స్ట్రీట్ ఫైటర్ 5. 44 ఏళ్ల కిమ్ గ్వాన్-వూ అందులో కొరియాకు స్వర్ణం తెచ్చాడు. మన దేశం తరఫున వెళ్లిన మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ కూడా ఐదో భాగమే ఆడారు. ఏ బల్ల మీద ఏ ఆట పెడితే అదే ఆడాలి, మన అభిరుచిని ఎవరూ అడగరు.

మేనల్లుడు ఆరో భాగమే మొదలుపెట్టాడు. అయితే మీ ఊళ్లో వారంవారం ఒకచోట చేరి థర్డ్ స్ట్రైక్ ఆడేవాళ్లు నలుగురున్నా సరే, నేను ఇంతసేపూ చెప్పింది పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి వెళ్లండి. పక్కపక్కన కూర్చున్నప్పుడు పింగ్ గొడవే ఉండదు. ఓడిపోయాక ఎందుకు ఓడామో గెలిచినవాణ్ణే అడగొచ్చు, చాలామంది ఓపిగ్గా చూపిస్తారు కూడా.