ఎమర్జెన్సీ, కార్మిక సంఘాలు: సాక్చి నుంచి చూస్తే

ఎమర్జెన్సీ మీద ఎస్సే రాయమంటే మనలో చాలామంది పత్రికల సెన్సార్‌షిప్, ప్రతిపక్ష నేతల అరెస్టులు, బలవంతపు కుటుంబ నియంత్రణ దగ్గర ఆగిపోతాం. కార్మికుడు అందులో కనిపించడు. సాక్చిలో కూర్చుని చదువుకునే నాకు అది పెద్ద లోటనిపిస్తుంది.

1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టకముందు ఈ ఊరు సాక్చియే. 1920 సమ్మెలోంచి ఇక్కడి లేబర్ అసోసియేషన్ పుట్టింది. 1928లో సుభాష్ చంద్రబోస్ దానికి అధ్యక్షుడయ్యారు. పరాయి పాలనలో కూడా ఇక్కడి కార్మికుడు పని ఆపి బేరమాడగలిగాడు.

1975 జూన్ 25 తర్వాత ఆ బేరం బలహీనపడింది. ఆర్టికల్ 358 వల్ల ఆర్టికల్ 19 రక్షణ పోయింది. సంఘం పెట్టుకునే హక్కు, 19(1)(సి), అందులోదే. విచారణ లేకుండా నిర్బంధించడానికి మీసా ఉండనే ఉంది. సెప్టెంబర్‌లో ఒక ఆర్డినెన్స్ కనీస బోనస్‌ను 8.33 శాతం నుంచి 4 శాతానికి దించింది.

మా తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ ఒక చిన్న ఫౌండ్రీలో పనిచేశారు. "ఆ రోజుల్లో గొడవల్లేవురా, షిఫ్టు టైముకి నడిచేది" అంటారు. ఆ వెంటనే "బోనస్ తగ్గినా అడిగే దిక్కు లేదు" అనీ అంటారు. మన ఎస్సే ఈ రెండు మాటలకూ జవాబు చెప్పాలి.

అంకెలు చూడండి. సమ్మెలు, లాకౌట్ల వల్ల 1974లో సుమారు 4 కోట్ల పనిదినాలు పోతే, 1976లో పోయినవి సుమారు 1.27 కోట్లు. కానీ ఆ 1976 నష్టంలో ఎక్కువ భాగం లాకౌట్లదే. అంటే క్రమశిక్షణ ఒక పక్షానికే వర్తించింది.

పోలిక కూడా జాగ్రత్తగా రాయండి. హిట్లర్ 1933 మే 2న సంఘాల ఆఫీసులనే ఆక్రమించాడు. మన దగ్గర సంఘాలను మొత్తంగా రద్దు చేయలేదు. ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ, హెచ్‌ఎంఎస్‌లకు జాతీయ అత్యున్నత మండలిలో కుర్చీలు వేసి, సీఐటీయూను బయట ఉంచారు. ఎవరు కార్మికుల గొంతో ప్రభుత్వమే ఎంచుకుంది.

రెండో వైపు కూడా రాయాలి. వెట్టిచాకిరి రద్దు చట్టం, సమాన వేతన చట్టం, 300 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట తొలగింపులకు ముందస్తు అనుమతి, ఆర్టికల్ 43ఎ: ఇవన్నీ 1976వే. మంచివే. అయితే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటే అడ్డుకునే శక్తి కార్మికుడికి లేదు. బోనస్ విషయంలో జరిగింది అదే.

1978లో 44వ సవరణ 'అంతర్గత కల్లోలం' అన్న మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టింది. ఆర్టికల్ 20, 21లను నిలిపివేయడానికి వీల్లేకుండా చేసింది. ఇది పాలిటీ పేపర్‌లో రెండు మార్కుల విషయమే కావచ్చు. కానీ రేపు మీరు జిల్లా కలెక్టరైతే, నిర్బంధ ఉత్తర్వు మీద సంతకం చేయాల్సింది మీరే. మీ జిల్లాలో సమ్మెలు లేవని నివేదిక వస్తే, సమస్య తీరిందా, నోరు మూతపడిందా అని ముందు కనుక్కోండి.