సబర్ చేయమన్నాను

మిరప కోతలు ముగిసిన దినాలలో, మా గ్రామానికి చెందిన ఒక వృద్ధమాతను పరామర్శించడానికి పట్టణంలోని వృద్ధాశ్రమానికి వెళ్లాను. వీపునిండా పుండ్లు. మంచినీళ్లు చేతికందని దూరంలో ఉన్నాయి. నెలనెలా సొమ్ము కడుతూనే ఉన్నానని కుమారుడి జవాబు.

అంతకు మునుపు ఆమె మొరపెట్టుకున్నప్పుడు సబర్ చేయమని చెప్పి పంపినవాణ్ణి నేనే. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్‌ను ఏళ్ల తరబడి బోధిస్తున్నవాణ్ణి!

ముందు ఆమెను ఆసుపత్రికి చేర్పించాము. పిదప చట్టం తెలుసుకున్నాను. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. కదలలేనివారు మరొకరికి అధికారమిచ్చి పెట్టించవచ్చు. నోటీసు అందిన 90 రోజులలో సాధారణంగా భత్యం తేల్చాలి. 14567కు ఫోను చేసినా దారి చూపుతారు. చిత్రంగా అందులోనూ 23వ సెక్షనే ముఖ్యం: పోషించాలన్న షరతుతో వ్రాసిచ్చిన ఆస్తిని, షరతు తప్పితే, రద్దు చేయించవచ్చు. ఆమె ఇచ్చిన ఎకరం దస్తావేజులో ఆ వాక్యం ఉంది. పిల్లలకు పొలం వ్రాసిచ్చే పెద్దలారా, దానిని మరువకండి.

ఆశ్రమం నిర్లక్ష్యాన్ని కూడా చేర్చి, అర్జీ చదివి వినిపించాను.

"నా బిడ్డను జైలుకు పంపరు కదా, మౌలానా సాబ్?"

భత్యం కోసం, పొలం కోసమేనమ్మా అన్నాను. వేలిముద్ర వేసింది.