గ్లామర్ పుట్టిల్లు

మొన్నామధ్య మా ఆడపడుచు కూతురికి పెళ్లిచూపులు. పిల్ల ఎమ్మే చదివి, హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. ఫలహారాలూ కాఫీలూ అయ్యాక పెళ్లికొడుకు మేనత్తగారు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "చదువైతే ఉందండీ వదినగారూ, పిల్లలోనే కాస్త గ్లామర్ తక్కువ" అనేసింది!

వంటింట్లో కప్పులు సర్దుతున్న పిల్లకి ఆ మాట విననే వినబడింది. ఏడుస్తుందేమోనని వెళ్తే, లావుపాటి డిక్షనరీ తెచ్చి నా ముందు పెట్టింది. "అత్తయ్యా, ఆవిడ నాలో లేదన్నదేంటో చూద్దాం."

గ్లామర్ సినిమావాళ్లు పుట్టించిన మాటేమో అనుకునేదాన్ని. కాదట. అది పాత స్కాట్లండ్ మాట. అక్కడ దానికి అర్థం అందం కాదు, మంత్రం! చూసేవాళ్ల కళ్లు కప్పి లేనిది ఉన్నట్టు చూపించడం. మనం కనికట్టు అంటామే, అచ్చంగా అదే.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మీరూ ముక్కున వేలేసుకుంటారు. చిన్నప్పుడు బళ్లో మనల్ని ఏడిపించిన గ్రామర్ నుంచి! వెనకటి రోజుల్లో గ్రామరంటే లాటిన్ చదువు. అక్షరం ముక్క రానివాళ్లకి ఆ పుస్తకాలు మంత్రాల పుస్తకాల్లా తోచేవి. స్కాట్లండ్ వాళ్ల నోట్లో 'ర' కాస్తా 'ల' అయి గ్లామరైంది. వాళ్ల కవి రాబర్ట్ బర్న్స్ 1789లో ఒకే పద్యంలో గ్రామర్‌నీ గ్లామర్‌నీ జత కలిపాడు. తర్వాత వాల్టర్ స్కాట్ రచనలతో ఆ మాట ఇంగ్లీషువాళ్లందరికీ అలవాటైంది. అందమన్న అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది.

జానీ ఫా అనే జిప్సీ మీద అక్కడో పాత పాట ఉంది. జిప్సీలు వాకిట్లో పాడుతుంటే దొరసాని మేడ దిగొస్తుంది. ఆవిడ చక్కదనం చూసి వాళ్లు గ్లామర్ వేస్తారు. ఆవిడ మొగుణ్ణీ మేడనీ వదిలేసి వాళ్ల వెంట వెళ్లిపోతుంది. గమనించారా, అందం ఆవిడది, గ్లామర్ వాళ్లది!

ఆ తర్వాత నేను ఇంకొంత చదివితే నవ్వు పోయింది. అదే స్కాట్లండులో మంత్రగత్తెల మీద 1563లో చట్టం చేశారు. 1736లో రద్దయ్యేలోగా దాదాపు నాలుగు వేలమంది మీద నేరం మోపారు. ఎక్కువమంది ఆడవాళ్లే. చాలామందిని గొంతు నులిమి చంపి, కాల్చేశారు. 2022 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, అప్పటి ప్రథమ మంత్రి నికోలా స్టర్జన్ వాళ్లందరికీ క్షమాపణ చెప్పారు. అప్పుడేమో మంత్రం ఉందని తప్పు పట్టారు, ఇప్పుడేమో గ్లామర్ లేదని తప్పు పడుతున్నారు!

ఆ రాత్రి డిక్షనరీ మూసేస్తూ మా పిల్ల, "అయితే అత్తయ్యా, ఆవిడ ఉందన్నదీ లేదన్నదీ ఒకటేగా!" అని పకపకా నవ్వింది.

పెళ్లివారి దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. వాళ్లమ్మ ఫోన్ మోగినప్పుడల్లా పరుగెడుతోంది. పిల్ల మాత్రం తొమ్మిదో తరగతి గ్రామర్ పేపర్లు ముందేసుకుని దిద్దుకుంటోంది.