వంగెడి రంగు

విజయవాడ ఆటోనగరులోని ఒక రంగుల షెడ్డులో ముదుసలి మేస్త్రి యొకడును, పదునెనిమిదేండ్ల శిష్యుడొకడును పనిచేయుచుండిరి. ఒకనాడు విశ్రాంత ఉపాధ్యాయిని యొకామె తన పాత మారుతి 800 కారును తెచ్చెను. 1983లో మొదలైన ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. ఆమె కారు రేకులపై రంగు చెక్కుచెదరలేదు గాని, నల్లని బంపర్లు ఎండకు వెలిసి బూడిదవలె నుండెను.

"మేస్త్రిగారూ, వచ్చే నెలలో నా మనుమరాలి పెండ్లి. ఈ కారులోనే దానిని అత్తవారింటికి సాగనంపవలెను" అని ఆమె చెప్పెను.

మేస్త్రి ఊరికి పోయియుండగా శిష్యుడే పని ముగించెను. రేకులకు వాడెడి లప్పమునే బంపర్లకు రాచి, రేకుల రంగునే వేసెను. బంపర్లు అద్దములవలె మెరసెను. పదిదినములకు ఆమె మరల వచ్చెను. కారు వెనుకకు తీయునపుడు బంపరు గోడకు మెల్లగా తగిలెనట. అది లోనికి వంగి యథాస్థితికి వచ్చెను గాని, రంగు పెచ్చులుగా రాలిపోయెను.

"గోడకు కొట్టినందుకు మనమేమి చేయుదుము? మరల డబ్బు తీసికొందము" అని శిష్యుడు గుసగుసలాడెను.

మేస్త్రి వానిచేత బంపరును బొటనవ్రేలితో నొక్కించెను. అది వంగెను. "నాయనా, రేకు వంగదు, ఇది వంగును. వంగెడి దానిపై బిరుసు రంగు నిలుచునా? తప్పు గోడది కాదు, మనది. పోయి చెప్పుము" అనెను.

శిష్యుడు తలవంచుకొని నిజము చెప్పెను. ఆమె చిరునవ్వు నవ్వి, "తప్పు దిద్దుకొన్న పిల్లవానికి నేనెన్నడును మార్కులు తగ్గింపలేదు" అనెను.

పని మరల మొదలయ్యెను. ఇట్టి బంపర్లను తరచుగా పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్కుతో చేయుదురు. ఇట్టి ప్లాస్టిక్కులకు దారి తీసిన పరిశోధనకే 1963లో కార్ల్ జీగ్లర్, జూలియో నత్తా అనువారికి నోబెల్ బహుమానము లభించెను. దానిపై రంగు సులభముగా అంటదు. కావున శిష్యుడు పాత రంగును తొలగించి, బంపర్లను సబ్బునీట కడిగి, మైనపు పాలిషు జిడ్డు మిగులకుండ తుడిచెను. నున్నని ఉప్పుకాగితముతో రుద్ది మెరుపు పోగొట్టెను. రబ్బరు బీడింగులకు రంగు సోకకుండ టేపు అంటించెను. పిదప ప్లాస్టిక్కునకు తగిన ప్రైమరు పూసి, వంగుగుణమునిచ్చు ద్రవమును రంగులో కలిపి, పలుచని పూతలుగా చల్లెను. ఒక పూతకును మరియొక పూతకును నడుమ ఆరనిచ్చుటయే అన్నిటికంటె కష్టమైన పని. వాని చేతులు తొందరపడుచుండెను, మేస్త్రి చూపు వారించుచుండెను.

పెండ్లికి రెండుదినముల ముందు కారు సిద్ధమయ్యెను. ఆమె ఎదుటనే శిష్యుడు బంపరును బొటనవ్రేలితో గట్టిగా నొక్కెను. బంపరు వంగెను, రంగును దానితోబాటు వంగెను. ఒక్క పెచ్చయినను రాలలేదు. మేస్త్రి ఏమియు అనలేదు. స్ప్రే గన్నును కడిగి శిష్యుని చేతి కందించెను.